కప్పుడు పాలపొడి

తోరికా గొంతు బయట వినపడేసరికి ఉనైసి చేతిలో పాలపొడి డబ్బా ఉంది. రెండు చెంచాల పొడి సీసాలో పోసి, మూడో చెంచా సగానికి తగ్గించి, పోయాలా వద్దా అని చూస్తోంది. అది శుక్రవారం జీతం రాగానే కొన్న డబ్బా. వచ్చే శుక్రవారానికి కాదు, ఆపై వచ్చే శుక్రవారం దాకా సరిపెట్టాలి.

"ఏవే కొండపిల్లా, లేచావా? ఏటిగట్టున కాపురం చేస్తూ ఇంకా ఆ కొండ నిద్రలేంటి?"

ఉనైసి డబ్బా మూత నొక్కేసింది. పక్కనే బట్టల పెట్టె తెరిచి ఉంది. పిల్లాడి గుడ్డలు పైకెత్తి, డబ్బాను వాటి కింద పెట్టి, పెట్టె మూసింది. అంతా రెండు మూడు క్షణాల్లో జరిగిపోయింది. ఇదంతా ఆలోచించి చేసిన పని కాదని తర్వాత ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకోవాలని చూసింది.

"లేవకేం వదినా. నీ గొంతు విన్నాక మా కోడే కుయ్యడం మానేసింది, ఇక నేనెంత."

తోరికా నవ్వుతూ గుమ్మంలో తల వంచి లోపలికి వచ్చింది. ఆమె ఉనైసి భర్త అపెనీసాకు పెద్దక్క. నాలుగిళ్ళ అవతల ఉంటుంది, జబ్బుపడ్డ మావగారిని ఆమే చూసుకుంటుంది. రోజూ రేవా నదిలో మెడలోతు నీళ్ళలో నిలబడి, అడుగున ఉన్న తినే గుల్లలు కాళ్ళతో వెతికి, మునిగి తీసి, నౌసోరి సంతలో కుప్పలు పోసి అమ్ముతుంది. నీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళు ఎప్పుడూ ముడతలు పడి ఉంటాయి. ఆ వేళ్ళతోనే చాప మీదున్న పది నెలల సెమిని ఎత్తుకుంది.

"మా తమ్ముడు నిన్ను తెచ్చినరోజే అన్నాను. దీనికి నోరుందిరా, ఈత మాత్రం రాదు అని."

"ఈతొచ్చిన నీకు దొరికిన మొగుణ్ణి చూశాక నాకు ఈతెందుకులే అనుకున్నా వదినా."

"అదీ నిజమే!" తోరికా పగలబడి నవ్వింది. సెమి కూడా ఆమె ముఖంలోకి చూసి నవ్వాడు. ఐదేళ్ళ లోసా గోడకు ఆనుకుని కూర్చుని, ఉడికించిన కర్రపెండలం ముక్క నిమ్మాకు టీలో ముంచుకుని తింటోంది.

"ఒక కప్పుడు పాలపొడి ఇవ్వవే," అంది తోరికా. "మా మావయ్యకి రెండ్రోజుల్నించి జావ దిగట్లేదు. ఒట్టి నీళ్ళ జావ నోట్లో పెడితే ఊసేస్తున్నాడు. శనివారం సంత అయ్యాక తెచ్చిస్తాలే."

అయినవాళ్ళు వచ్చి అడిగితే ఈ దీవుల్లో ఎవరూ లేదనరు. ఆ ఆచారాన్ని కెరెకెరె అంటారు. అడగడం తప్పు కాదు, ఇవ్వడం గొప్ప కాదు. ఉనైసి వంటచేసే పెద్ద గిన్నె తోరికాది. ఇప్పుడు వాళ్ళు కూర్చున్న చాప తోరికా అల్లింది. మార్చి నెలలో ఉనైసి డెంగ్యూ జ్వరంతో పదహారు రోజులు పడుంటే, పిల్లలిద్దరూ తోరికా ఇంట్లోనే తిన్నారు. ఇవ్వడం మరీ కుదరనప్పుడు అందరూ ఒకటే మాట అంటారు, అయిపోయింది అని. చక్కెర గురించి అంటారు, కిరసనాయిలు గురించి అంటారు. అడిగినవాళ్ళు నమ్మినా నమ్మకపోయినా ఇంకేం అనకుండా వెళ్ళిపోతారు. పసిపిల్లాడి పాల గురించి మాత్రం ఎవరూ ఆ మాట అనరు.

"అయ్యో వదినా, అయిపోయింది," అంది ఉనైసి.

అక్కడితో ఆగి ఉంటే ఎలా ఉండేదో. కానీ తోరికా చూపు పొడి పోసి ఉన్న సీసా మీద పడింది. ఉనైసి ఆ చూపును చూసింది.

"అదే ఆఖరిది. డబ్బా దులిపి పోశాను. రేపట్నించి వీడికి పంచదార నీళ్ళే."

తోరికా ముఖంలో నవ్వు పోయింది. సెమి చేతిని బొటనవేలితో నిమిరి చూసింది, ఎంత కండ ఉందో చూస్తున్నట్టుగా.

"మా తమ్ముడికి తెలుసా?"

"ఏం చెప్పను వదినా. వారానికి మూడ్రోజులే పనిస్తున్నారు."

అది నిజమే. కలప అడితిలో సరుకు కదలడం లేదని అపెనీసాను సోమ, మంగళ, గురువారాలకే రమ్మంటున్నారు. ఆ నిజం కూడా ఈ అబద్ధంలో కలిసిపోయింది.

తోరికా పిల్లాడి అరికాలికి ముద్దుపెట్టి చాప మీద పడుకోబెట్టింది. "సరేలే," అంది. వెళ్ళేటప్పుడు ఎప్పటిలా గుమ్మంలో నిలబడి ఏదో ఒక పరాచికం ఆడలేదు.

లోసా నమలడం ఆపి పెట్టె వైపు చూసింది. "అమ్మా, పాలు..."

"తిను," అంది ఉనైసి.

*

ఆరోగ్య కేంద్రంలో పిల్లాడి బరువు కార్డు మీద పోయిన నెల నర్సు పెట్టిన చుక్క గీతకు కిందపడింది. డెంగ్యూ జ్వరంతో ఉనైసికి పాలు ఎండిపోయినప్పటి నుంచీ చుక్కలు దిగుతూనే ఉన్నాయి. ఈ గురువారం మళ్ళీ తూకం ఉంది. ఈసారీ పెరగకపోతే సువా పెద్దాసుపత్రికి రాసిస్తానని నర్సు చెప్పింది. కసురుకోలేదు, మామూలుగానే చెప్పింది. పక్కన కూర్చున్న తల్లి మాత్రం తన పిల్లాణ్ణి ఒళ్ళోకి లాక్కుని ఉనైసి వైపు చూసింది.

అందుకే, అనుకుంది ఉనైసి గుడ్డలు ఉతుకుతూ. పిల్లాడి కోసమే. కప్పుడంటే ఐదు పూటల పాలు. అబద్ధం ఆడింది తన కోసం కాదు.

అయినా గుడ్డలు పిండుతున్నంతసేపూ ఒక్కటే గుర్తొస్తోంది. ఇవ్వలేను వదినా, గురువారం తూకముంది, భయంగా ఉంది అని చెప్పి ఉంటే తోరికా ఏమనేది? పిచ్చిదానా, ఆ మాట చెప్పడానికి భయమెందుకు, పిల్లాడికి పట్టు ముందు, అని తిట్టి పోయేది. ఆ సంగతి ఉనైసికి అప్పుడూ తెలుసు. అయినా నోటికి అబద్ధమే ముందొచ్చింది.

ఆరోజు సాయంత్రం బియ్యం తక్కువ వేసి, పెరట్లో కోసిన ఆకుకూర, చేప డబ్బాలో సగం కలిపి వండింది. మిగిలిన సగం రేపటికి ఉంచింది. అపెనీసా పిల్లల్ని చెరో తొడ మీద కూర్చోబెట్టుకుని తిన్నాడు. తిన్నాక నలుగురూ కూర్చుని ఎప్పటిలా ప్రార్థన చేసుకున్నారు. అతను ప్రార్థిస్తుంటే ఉనైసి ఆమేన్ అంది. ఏ మాటకు అందో ఆమెకు తెలియలేదు.

మర్నాడు తోరికా రాలేదు.

బుధవారం మధ్యాహ్నం, పని లేని రోజు కదా, అపెనీసా కర్రపెండలం తోటకు వెళ్ళి పెందలాడే తిరిగొచ్చాడు. పలుగు గోడకు చేరేసి, లోపలికి రాకుండా గుమ్మంలోనే కూర్చున్నాడు.

"పాలు అయిపోతే నాకు చెప్పాలిగా," అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"తోటల దగ్గర అందరికీ తెలుసు. నా కొడుకు పంచదార నీళ్ళు తాగుతున్నాడంట. నాకు తప్ప ఊరంతటికీ తెలుసు." గొంతు పెంచలేదు. మట్టి అంటిన తన చేతుల్నే చూసుకుంటున్నాడు. "సిగ్గేసింది ఉనైసి. ఎవర్నో ఒకర్ని అడిగేవాణ్ణి."

ఉనైసి పెట్టె తెరిచి డబ్బా తీసి అతని పక్కన పెట్టింది. అతను మూత తీసి లోపలికి చూశాడు. మూత పెట్టేశాడు.

"మా అక్క అడిగిందా?"

"వాళ్ళ మావయ్య కోసం. ఒక కప్పుడు."

అపెనీసా డబ్బాను పక్కకు జరిపాడు. "ఇవాళ మీ ఆడవాళ్ళ ప్రార్థన కూటం కెలేరా అవ్వ ఇంట్లో కదా. వెళ్ళి అక్కకి చెప్పెయ్. ముందు అక్కకి చెప్పు."

"చెప్తాను."

నిజంగానే చెప్పాలనుకుంది. ఉతికిన గౌను వేసుకుని, సెమిని చంకనేసుకుంటుండగా కిందిదారిలో ఆడవాళ్ళ పాట వినపడింది. వారం వారం కూటంలో పాడే కీర్తనే. పాట దూరమవ్వాల్సింది పోయి దగ్గరవుతోంది.

"ఇటే వస్తున్నారు," అన్నాడు అపెనీసా. డబ్బాను అతనే తీసి పెట్టెలో పెట్టాడు. పెట్టాక తను చేసిన పనికి తనే నివ్వెరపోయినట్టు పెట్టె మీద చెయ్యి ఉంచి ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత వెనక వాకిట్లోంచి బయటికి వెళ్ళిపోయాడు.

తొమ్మిది మంది వచ్చారు. ఇల్లు నిండిపోయింది. కూటానికి పెద్ద కెలేరా అవ్వ. డెబ్భై దాటాయి, చూపు ఒక కంటికే ఉంది. ఆమె చాప మధ్యలో కూర్చుని, కూటం ఈ వారం ఇక్కడ పెట్టుకుందామని తోరికా అడిగిందని చెప్పింది. వాక్యం చదివాక ఒక్కొక్కరూ తెచ్చినవి ముందుకు జరిపారు. ఒకామె నాలుగు కిలోల పిండి సంచీ తెచ్చింది. అప్పటికే తెరిచిన సంచీ, మూతి మడిచి దారం కట్టి ఉంది. ఇంకొకామె కొబ్బరికాయలు తెచ్చింది, మరొకామె చక్కెర. కెలేరా అవ్వ చేతిరుమాలు విప్పింది. అందులో రెండు గుడ్లు.

"మా కోడి ఒకటే పెడుతుంది రోజుకి. రెండ్రోజులవి దాచాను. పిల్లాడికి పచ్చసొన పెట్టమ్మా, తెల్లది వద్దు, అరగదు."

తోరికా చివర్న కూర్చుంది. ఒళ్ళో ఉన్న సంచీలోంచి పెద్ద పాలపొడి డబ్బా తీసి చాప మీద పెట్టింది. కొత్తది. మూత కింద రేకు కూడా చింపలేదు. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిన్నా ఇవాళా ఎక్కువసేపు మునిగిందని ఉనైసికి అర్థమైంది.

"మావయ్యకో?" అంది ఉనైసి.

"ముసలాయనకి నీళ్ళ జావ చాల్లే. మొదట్లో ఊస్తాడు, తర్వాత అలవాటవుతుంది. పెద్దాళ్ళం ఎలాగోలా బతుకుతాం గాని." తోరికా ముక్కు చీదుకుంది. "నేనో మొద్దుని. పసిపిల్లాడున్న ఇంటికొచ్చి పాలడిగాను."

వెళ్ళి అక్కకు చెప్పెయ్ అని అపెనీసా అన్న మాట చెవిలోనే ఉంది. నోరు తెరిచింది. తొమ్మిది ముఖాలు తన వైపే చూస్తున్నాయి. కెలేరా అవ్వ ఒంటికన్ను కూడా. ఉనైసికి ఏడుపు వచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కనున్న ఆమె భుజం మీద చెయ్యి వేసింది, ఇంకొకామె కూడా ఏడ్చింది. దేవుడికి స్తోత్రం, దేవుడికి స్తోత్రం అంది కెలేరా అవ్వ. ఆచారం ప్రకారం ఉనైసి అరచేతులు గుల్లగా కలిపి మూడుసార్లు తట్టి, అవన్నీ అందుకుంది.

గురువారం సెమి బరువు పెరిగాడు. చుక్క గీత మీదికొచ్చింది. "ఏం పెడుతున్నావమ్మా, ఇలాగే పెట్టు," అంది నర్సు మెచ్చుకోలుగా. ఉనైసి కార్డు మడిచి సంచీలో పెట్టుకుంది. బస్సు ఎక్కకుండా ఇంటికి నడిచొచ్చింది. మిగిలిన చిల్లరతో ఏం చేయాలో తోచలేదు.

*

శనివారం తెల్లవారగానే సెమిని అపెనీసాకు అప్పగించి ఏటికి వెళ్ళింది. వాన పడి నీళ్ళు మట్టిరంగులో ఉన్నాయి. తోరికా ఒక్కతే మెడలోతు నీళ్ళలో ఉంది. ఆమె పక్కన టైరు ట్యూబులో ఇరికించిన ప్లాస్టిక్ తొట్టి తేలుతోంది. ఉనైసి గౌను ఎత్తి కట్టుకుని మోకాలి లోతు దాకా దిగింది. అంతకంటే లోపలికి వెళ్ళే ధైర్యం ఆమెకు లేదు.

"ఏంటే, ఈత నేర్చుకుంటావా ఏంటి?"

"వదినా, ఆరోజు డబ్బా ఉంది."

"ఏ డబ్బా?"

"పాల డబ్బా. నువ్వడిగినప్పుడు ఉంది. బట్టల పెట్టెలో పెట్టాను."

తోరికా కాలు నీళ్ళడుగున దేన్నో వెతకడం ఆపింది. "ఎంతుంది?"

"మూడొంతులు."

తోరికా మునిగింది. నీళ్ళ మీద బుడగలు వచ్చి ఆగిపోయాయి. పైకి వచ్చి రెండు గుల్లలు తొట్టిలో వేసింది. ముఖం తుడుచుకోలేదు.

"అంటే సెమి పంచదార నీళ్ళు తాగలేదు."

"లేదు."

"మంచిదే." కొంచెం ఆగి, "మంచిదే," అని మళ్ళీ అంది.

"గురువారం తూకముంది వదినా. భయమేసి..."

"ఆ మాట చెప్పుండాల్సింది."

"చెప్పుండాల్సింది."

"నేను నిన్ను తిట్టి పోయేదాన్ని."

"తెలుసు వదినా. ఇప్పుడు తిట్టు."

తోరికా తిట్టలేదు. తొట్టిని దగ్గరికి లాక్కుని గుల్లల్లో చిన్నవాటిని ఏరి తిరిగి నీళ్ళలోకి విసరడం మొదలెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఉనైసి చెప్పాలనుకున్నదంతా గబగబా చెప్పేసింది. బుధవారం కూటంలో లేచి నిలబడి సాక్ష్యం చెబుతాను, అందరి ముందూ ఒప్పుకుంటాను, పిండి, చక్కెర ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తాను అంది.

"చెప్పకు."

"వదినా?"

"చెప్పకు అంటున్నాను. నీకు హాయిగా ఉంటుంది. నువ్వు ఏడుస్తావు, వాళ్ళూ ఏడుస్తారు, అవ్వ నీ నెత్తిన చెయ్యేసి ప్రార్థన చేస్తుంది. ఇంటికెళ్ళి కమ్మగా నిద్రపోతావు. తర్వాత?" తోరికా మొదటిసారి ఆమె వైపు సూటిగా చూసింది. "రేపెవరో నిజంగా ఏం లేనిది వచ్చి, నా పిల్లాడికి పాలు లేవు అంటుంది. వీళ్ళు ఏం చేస్తారు? ముందు దాని బట్టల పెట్టె తెరిచి చూపించమంటారు."

ఉనైసి జారిన గౌను అంచును మళ్ళీ ఎత్తి పట్టుకుంది.

"అవ్వ ఆ రెండు గుడ్లూ దాస్తూ తను తినలేదే. అవి ఊరికే పోయాయని అవ్వకి చెబుతావా?"

"మరి నేనేం చెయ్యను?"

"మోసుకో." తోరికా తొట్టిని ముందుకు తోసింది. "మావయ్యకి పొద్దున్నే పాలజావ కాచి తీసుకురా. డబ్బా అయిపోయేదాకా. ఇక ఇంటికెళ్ళు, నీళ్ళు చల్లగా ఉన్నాయి."

ఆదివారం నుంచి ఉనైసి రోజూ జావ తీసుకెళ్ళింది. దాచిన డబ్బాలోంచి తీసే కాచింది. పక్షవాతంతో నోరు వంకరపోయిన ముసలాయన మొదటిరోజు చెంచాను పళ్ళతో పట్టుకుని వదల్లేదు. తోరికా గిన్నె అందుకునేది. కడిగి తిరిగిచ్చేది. "వినాక," అనేది మర్యాదగా, ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకి కృతజ్ఞత చెప్పినట్టు. ఉనైసి రెండుసార్లు ఏదో పరాచికం ఆడబోయింది. తోరికా తలూపి ఊరుకుంది.

తర్వాతి బుధవారం కూటం కెలేరా అవ్వ ఇంట్లో జరిగింది. పాట అయ్యాక అవ్వ ఒంటికన్ను ఉనైసి ఒళ్ళో ఉన్న సెమి మీద నిలిచింది.

"ఎలా ఉన్నాడమ్మా? పాలు సరిపోతున్నాయా? సిగ్గుపడకు. ఇంకో రెండు గుడ్లున్నాయి నా దగ్గర."

ఉనైసి నోరు తెరిచింది. మోసుకో అన్న మాట గుర్తుంది. అయినా ఆ రెండు గుడ్లు మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళడం తన వల్ల కాదు. "అవ్వా, ఆరోజు నేను..."

"సరిపోతున్నాయవ్వా," అంది తోరికా. గొంతు గట్టిగా ఉంది. "నేను రోజూ చూస్తూనే ఉన్నాగా. ఆరోజు మీరంతా ఆదుకోకపోతే పిల్లాడు ఏమైపోయేవాడో. మీ గుడ్లు మీరు తినండి."

అందరూ తలలూపారు. తోరికా మాటంటే ఆ కూటంలో ఎవరికీ అనుమానం లేదు. చెప్పేశాక ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. చాప అంచున లేచిన పోగును గోటితో లోపలికి దోపుతోంది.

"దేవుడికి స్తోత్రం," అంది కెలేరా అవ్వ. "ఈ వారం స్తుతి ప్రార్థన నువ్వే చెయ్యి ఉనైసి. నీ ఇంట్లో జరిగిన మేలు నువ్వే చెప్పుకోవాలి."

అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. ఉనైసి సెమిని దగ్గరికి హత్తుకుని "ప్రభువా" అంది. ఆపైన ఏ మాటా దొరకలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. కళ్ళు తెరిచి చూస్తే, తోరికా పెదాలు అప్పటికే కదులుతున్నాయి. తలను గుండెల్లోకి వంచుకుని, ఎవరికీ వినపడకుండా, ఆమె తన ప్రార్థన తాను చేసుకుంటోంది.